గూటం నుంచి సంగటి తెడ్డు దాకా: ఏ పనికి ఏ కట్టె, ఏ పనిముట్టు

క్యాంపు సామాను చేత్తో చేసుకుందామనుకునేవాళ్లు చాలామంది ముందు మంచి కత్తి కోసం తిరుగుతారు. కట్టె సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు. ఈ వరుస తిరగేయాలి. పచ్చి మామిడి కొమ్మను సొరకాయలా చెక్కిపారేసే మచ్చుకత్తే, ఏడాది ఎండిన చింత మీద పడితే ఎగిరి మోకాలి మీదికొస్తుంది. తేడా కత్తిలో లేదు, కట్టెలో ఉంది. అందుకే కట్టెతో మొదలుపెట్టి, పనిముట్టు మీదుగా వస్తువు దగ్గరికి వెళ్దాం. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల తోటల్లో, చెరువు గట్ల మీద, కమ్మరి కొలిమి దగ్గర దొరికేవాటినే లెక్కలోకి తీసుకున్నాం.

ముందు ముట్టుకోకూడనివి

ఎర్రచందనం ముక్క ఏ రూపంలో కనిపించినా వదిలేయండి. సహజంగా అది పెరిగేది శేషాచలం, దాని చుట్టుపక్కల తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అనుమతి లేకుండా నరకడం, దగ్గర ఉంచుకోవడం, తరలించడం పెద్ద నేరాలు. కిందపడిన ఎండుకొమ్మే కదా అనే వాదన చెల్లదు. లోపలి చేవ ముదురు ఎరుపు, చేతికి ఇనుములా బరువు, నీళ్లలో వేస్తే మునుగుతుంది. ఎవరైనా తక్కువకు ఇస్తామన్నా తెలియని ఎర్ర కట్టె తీసుకోవద్దు. శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు పరిధిలోనైతే ఏ జాతి కట్టైనా సరే, తీసుకురావడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఆ పార్కులోనే ఉన్న తలకోన వైపు క్యాంపుకు వెళ్లేవాళ్లు గూటాలు (గుడారం తాళ్లు కట్టడానికి నేలలో దిగ్గొట్టే మేకులు), తెడ్లు ఇంటి దగ్గరే చేసి మోసుకెళ్లడమే పద్ధతి. అక్కడికి వెళ్లాక కొమ్మ కొట్టుకుందామనే ఆలోచనే వద్దు.

ఇంకో జాబితా ఒంటికి సంబంధించినది. గన్నేరు, పచ్చగన్నేరు విషం. వాటితో గరిటె కాదు కదా, మాంసం గుచ్చి కాల్చే పుల్ల కూడా చేయకూడదు. జెముడు పాలు, జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. జీడిమామిడి రసం చర్మాన్ని కాలుస్తుంది. మామిడిదీ అదే కుటుంబం కాబట్టి పచ్చి మామిడి జిగురు కొందరికి దద్దుర్లు తెస్తుంది. చెక్కడానికి ముందు చేతులకు కాస్త కొబ్బరినూనె రాసుకుని, పని అవగానే సబ్బుతో కడుక్కోండి.

కట్టెల్లో ఏది దేనికి

చిత్తూరు వైపు కట్టెకు కరువు లేకపోవడానికి మామిడి తోటలే కారణం. కాపు దిగాక, జులై ఆగస్టుల్లో కొమ్మలు కత్తిరిస్తారు. తోట యజమానిని అడిగితే మణికట్టు లావు నుంచి తొడ లావు వరకు కొమ్మలు దొరుకుతాయి. పచ్చిగా ఉన్నప్పుడు మామిడిని చెక్కడం చాలా తేలిక, రుచి, వాసన వంటకు అంటవు. లోపం ఏమిటంటే నిలవ ఉండదు. తెల్లచెక్క నెల తిరక్కముందే నల్లమచ్చలు పట్టి, ఆ తర్వాత పుచ్చుతుంది. కొట్టిన వారంలోపు చెక్కగలిగితేనే తెచ్చుకోండి. నేలలో దిగే వస్తువులకు మామిడి పనికిరాదు. ఒక్క వానాకాలం ఆగదు.

గూటాలకు మా ఓటు సర్కారు తుమ్మకే. ఊళ్లలో కంపచెట్టు అనేస్తారు. చెరువు గట్ల మీద, బీళ్లలో ఎవరూ నాటకుండానే పెరిగే ఈ చెట్టు కట్టె గట్టిది, బరువైనది, ఎండేటప్పుడు మిగతా కట్టెలంత కుంచించుకుపోదు. అందుకే నెర్రెలు తక్కువ. మొన నిలుస్తుంది, సుత్తి దెబ్బకు తల చితకదు. కష్టమంతా ముళ్లతోనే. చెప్పుల్లోంచి దిగుతాయి, గుచ్చిన చోట చీము పడుతుంది. కొమ్మను అక్కడికక్కడే ముళ్లు దులిపి, మూరెడు ముక్కలుగా కోసి తెచ్చుకోవాలి. చెరువు పంచాయతీదైతే ముందు అడగండి. నల్లతుమ్మ కూడా ఇదే కోవలోది. బండి చక్రాలకు, నాగళ్లకు వాడిన కట్టె అది. కాకపోతే దాన్ని తెడ్డుకో కొడతికో (కట్టె సుత్తికో) దాచుకోండి, గూటాలకు వృథా చేయకండి.

సరుగుడు నిటారుగా, ఒకే లావుగా వస్తుంది. ఊతకర్రకు, గిన్నె వేలాడదీసే మూడుకాళ్ల నిలువుకు దాన్ని మించింది లేదు. ఎండితే నిలువునా పగిలే గుణం ఉంది, కాబట్టి దెబ్బలు తినే పనికి రెండో ఎంపికే. జామాయిల్ సంగతి ఇంకా అన్యాయం. నార మెలితిరిగి ఉంటుంది. నిటారుగా చీలుతుందనుకుంటే పక్కకు జారిపోతుంది. చవకగా వస్తుందని తెచ్చుకుంటే పొయ్యిలోకే పోతుంది.

వేపను చాలామంది గరిటెలకు మంచిదంటారు. అది పాక్షికంగానే నిజం. పురుగు పట్టదు, నునుపు తేలుతుంది. కానీ కొత్త వేప గరిటెతో పప్పు కలిపితే మొదటి పది పదిహేను సార్లు చేదువాసన తగులుతుంది. పైగా నార ఒక పొర అటు, ఒక పొర ఇటు వాలి ఉంటుంది కాబట్టి ఏ వైపు నుంచి చెక్కినా ఎక్కడో ఒకచోట లేస్తుంది. పీటకు, పిడులకు వేప మంచిది, వంట సామానుకు పనస, జామ, సపోటా దానికన్నా మేలు. జామ, సపోటా కొమ్మలు సన్నవే అయినా నార దగ్గరగా అల్లుకుని ఉంటుంది. చిన్న గరిటె, పటకారు లాంటివాటికి చక్కగా సరిపోతాయి.

చింతచేవ మాంసం కొట్టే మొద్దులకు వాడే కట్టె. దాని గట్టితనం కొడతికి వరం, కొత్త చేతికి శిక్ష. పచ్చిగా ఉన్నప్పుడే పని ముగించాలి.

వెదురును కట్టెతో పోల్చడమే సరికాదు, దాని లెక్క వేరు. గిన్నె దించే పటకారుకు, దండేనికి వెదురే. గూటంగా వాడాలంటే పైకొస లోపల కణుపు ఉండేలా, కణుపుకు 2 సెం.మీ. పైన కోయాలి. కణుపు లేకుండా కోస్తే రెండో దెబ్బకే పువ్వులా విచ్చుకుంటుంది. చీల్చిన వెదురు అంచు బ్లేడులా కోస్తుంది. వాడేముందు కత్తి వెన్నుతో గీకేయండి.

పచ్చిదా, ఎండినదా

చేతి పనిముట్లతో చేసేవాళ్లకు దాదాపు అన్నిటికీ పచ్చిదే. చెక్కడం తేలిక, పదును ఎక్కువసేపు నిలుస్తుంది. అసలు చిక్కు చెక్కాక మొదలవుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో తిరుపతిలో పచ్చి ముక్కను మిద్దె మీద వదిలేస్తే సాయంత్రానికే కొసలు విచ్చుకుంటాయి. నీరు పక్కల నుంచి కన్నా కొసల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. కొస ముందు కుంచించుకుంటుంది, నడుము ఇంకా ఉబ్బే ఉంటుంది, ఆ లాగుడుకు పగులుతుంది. దుంగ కోసిన పూటే రెండు కొసలకూ పేడా మట్టీ కలిపి పూయండి, లేదా మిగిలిపోయిన రంగు పూయండి. చెక్కిన వస్తువును దాని చెక్కపొట్టుతోనే కలిపి గోనెసంచిలో పెట్టి, నీడన ఓ వారం పది రోజులు ఉంచండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానల్లో మాత్రం గోనెసంచి వద్దు, బూజు పడుతుంది. గాలి ఆడే చోట నీడన ఆరబెడితే చాలు.

ఇంకో సంగతి కూడా కొత్తవాళ్లకు ముందే తెలియాలి. గుండ్రటి కొమ్మ మధ్యలో మెత్తని బెండు ఉంటుంది. అది వస్తువులో మిగిలిందంటే పగులు అక్కడి నుంచే వస్తుంది. గూటాల్లాంటి సన్న సరుకుకు ఫర్వాలేదు. తెడ్డు, పీట లాంటివాటికి దుంగను సగానికి చీల్చి, బెండు ఉన్న చోట వేలి మందం మేర తీసేసి మొదలుపెట్టాలి.

పనిముట్లు: మచ్చుకత్తి, బాడిస, గొడ్డలి

ఒక్కటే కొనగలిగితే మచ్చుకత్తి కొనండి. కొస కొద్దిగా కొక్కెంలా వంగి, వెన్ను మందంగా ఉండేది. అలుగు (కత్తి రేకు) 25 నుంచి 28 సెం.మీ., వెన్ను 5 మి.మీ.కు తగ్గకూడదు. దీని గొప్పతనం నరకడంలో కన్నా చీల్చడంలో ఉంది. కట్టె మీద అలుగు ఆనించి, వెన్ను మీద కొడతితో కొడితే అనుకున్న చోటే చీలుతుంది. ఊపి కొట్టే పనే లేదు కాబట్టి కొత్తవాళ్లకు అపాయం తక్కువ.

బాడిస వడ్రంగి చేతిలో అద్భుతం. దాని అలుగు పిడికి అడ్డంగా ఉంటుంది, దెబ్బ మన వైపే వస్తుంది. పలకను చదును చేయాలన్నా, పీట మీద పల్లం తీయాలన్నా మచ్చుకత్తి దాని ముందు నిలవదు. కానీ ఆ దెబ్బ ఎక్కడ ఆగాలో మణికట్టుకు తెలియడానికి నెలలు పడుతుంది. తెలియకముందు ముక్కను కాలితో తొక్కిపట్టి బాడిస వాడటం అంటే వేళ్లు పణంగా పెట్టడమే. మొద్దు మీద ముక్క నిలబెట్టి, పట్టుకున్న చేయి దెబ్బ పడే చోటికి జానెడు పైనే ఉంచి నేర్చుకోవాలి. పీటలూ దోనెలూ చేసే ఉద్దేశం లేకపోతే మొదటి ఏడాది బాడిస అక్కర్లేదు.

గొడ్డలి గురించి క్లుప్తంగా: తొడ లావు దుంగలు చీల్చేవాళ్లకు కావాలి, మిగతావాళ్లకు బరువు.

రంపం మీద పిసినారితనం వద్దు. మచ్చుకత్తి తర్వాత ఎక్కువ పని చేసేది అదే. కొనేటప్పుడు పళ్ల వాలు చూడండి. పిడి వైపు వాలిన పళ్లు లాగేటప్పుడు కోస్తాయి, అలుగు వంగదు, సన్నని పనికి హాయి. కొస వైపు వాలినవి తోసేటప్పుడు కోస్తాయి. పచ్చి కట్టెకు పెద్ద పళ్లు, ఒక అంగుళానికి 6 నుంచి 8 మధ్య ఉండాలి. సన్న పళ్లయితే తడి పొట్టు ఇరుక్కుని రంపం బిగుసుకుపోతుంది. వీటితోపాటు 8 సెం.మీ. అలుగున్న చిన్న కత్తి ఒకటి, ముప్పావు అంగుళం ఉలి ఒకటి చాలు. గరిటెకు గుంట తీయాలంటే వంపు అలుగున్న ఉలి కావాలి. అది లేదంటే తెడ్డు చేయండి, దానికి గుంటతో పని లేదు.

సంతలో మెరుస్తూ కనిపించే కత్తికీ కొలిమిలో సాగదీసిన నల్లని కత్తికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే రెండోదే తీసుకోండి, కానీ పరీక్షించి. కమ్మర్లు చాలాచోట్ల లారీ కమాను పట్టీతో కత్తులు సాగదీస్తారు. ఉక్కు మంచిదే, నీళ్లు పట్టడం, అంటే కాల్చి ముంచి గట్టిపరచడం, సరిగా కుదిరిందా అన్నదే ప్రశ్న. వాదర (కోసే అంచు) మీద ఆకురాయి నెమ్మదిగా తోసి చూడండి. జారిపోతే గట్టిగా ఉన్నట్టు. సబ్బును కొరికినట్టు కొరికితే మెత్తన, ప్రతి పావుగంటకూ నూరాల్సిందే. పిడి దగ్గర అలుగు ఊగకూడదు.

పదును పెట్టేటప్పుడు కోణం తప్పడమే అందరూ చేసే పొరపాటు. మచ్చుకత్తికి రెండు వైపులూ కలిపి 30 డిగ్రీలు సరిపోతుంది. కొలత ఇలా: అలుగు వెడల్పు 5 సెం.మీ. అయితే సానరాయి మీద వాదర ఆనించి వెన్నును 1.3 సెం.మీ. ఎత్తి పట్టండి. రెండో వైపూ అంతే. ముందు గరుకు వైపు, తర్వాత నున్న వైపు, చివర పాత తోలు బెల్టు మీద పది పన్నెండు సార్లు వెనక్కి లాగుడు. మొద్దుబారిన కత్తే ఎక్కువ గాయాలు చేస్తుంది, ఎందుకంటే దానికి బలం పెట్టాలి, బలం పెట్టిన కత్తి జారితే ఆగదు.

ఏ వస్తువు ముందు

కొడతి. మిగతా అన్ని పనులకూ అదే కావాలి కాబట్టి. 9 సెం.మీ. లావు, 35 సెం.మీ. పొడవున్న చింత లేదా తుమ్మ ముక్క తీసుకోండి. ఒక కొస నుంచి 15 సెం.మీ. దగ్గర చుట్టూ రంపంతో 2.5 సెం.మీ. లోతు కోయండి. మరో కొస నుంచి, అంటే పిడి వైపు నుంచి, మచ్చుకత్తితో ఆ గాటు దాకా చీల్చుకుంటూ రండి. గాటు దగ్గర చీలిక ఆగిపోతుంది. పిడి 4 సెం.మీ. లావుకు వచ్చాక చిన్న కత్తితో గుండ్రం చేయండి. ఈ గాటు పెట్టి చీల్చే పద్ధతి వస్తే సగం పని వచ్చినట్టే.

తర్వాత గూటాలు. గట్టి ఎర్రనేలకు 25 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. లావు చాలు. స్వర్ణముఖి నది ఇసుకలో గుడారం వేసేట్టయితే 45 సెం.మీ. ఉండాలి, గుండ్రంగా కాక చీల్చి పలకలా వెడల్పుగా ఉంటే ఇసుక పట్టు ఇస్తుంది. మొనను ఒకవైపే వాలుగా కోస్తే దిగేకొద్దీ పక్కకు పోతుంది. నాలుగు వైపులా సమంగా చెక్కి, కొసను సూదిలా కాక 4, 5 మి.మీ. మొద్దుగా వదిలేయండి. పై అంచు చుట్టూ 5 మి.మీ. ఏటవాలుగా గీకేస్తే కొట్టినప్పుడు చీలదు. చాలామంది వదిలేసేది ఈ చిన్న పనినే. తాడు పట్టే గాటు తల నుంచి 4 సెం.మీ. కింద, మూడో వంతు లోతు. ముందు రంపంతో అడ్డంగా ఒక కోత, తర్వాత కింది నుంచి ఆ కోతలోకి కత్తితో వాలుగా చెక్కాలి. అంతకన్నా లోతు పోతే మెడ దగ్గర విరుగుతుంది. మొనను నిప్పులో కాలిస్తే గట్టిపడుతుందని కొందరు చెబుతారు. పైపొర గట్టిపడినా పెళుసు కూడా అవుతుంది, రాయి తగిలితే ఊడుతుంది. సర్కారు తుమ్మకు ఆ అవసరమే లేదు.

వేలాడే గిన్నె కోసం మూడు కర్రల నిలువు కట్టాలని చాలా బొమ్మల్లో చూసి ఉంటారు. మన దబరాలకు, సట్లకు పైన వేలాడదీసే కడ్డీ ఉండదు. మూడు రాళ్ల పొయ్యి దానికన్నా స్థిరం, సంగటి కెలికేటప్పుడు గిన్నె ఊగకూడదు కూడా. ఆ సరుగుడు కర్రలను ఊతకర్రలుగా వాడుకోండి.

మూడుకాళ్ల పీట రెండో సెలవుకు పెట్టుకోండి. పీట పలక 30 సెం.మీ. అడ్డం, 5 సెం.మీ. మందం, వేప బాగుంటుంది. అంచుకు 5 సెం.మీ. లోపల ఒక అంగుళం రంధ్రాలు మూడు, చేత్తో తిప్పే బర్మాతో, కాళ్లు బయటికి 15 డిగ్రీలు వాలేట్టు వేయాలి. 40 సెం.మీ. కాలికి ఆ వాలులో అడుగు 10 సెం.మీ. పైచిలుకు బయటికి వస్తుంది. ఇక్కడ పచ్చి, ఎండు లెక్క మారుతుంది. కాలి కొస బాగా ఎండి ఉండాలి, పలకలో కాస్త తడి ఉండొచ్చు. ఎండిన కొస తేమ పీల్చి ఉబ్బుతుంది, పలక కుంచించుకుని పట్టేస్తుంది. తిరగేసి చేస్తే నెలలో కాళ్లు ఊడతాయి. కాలు బిగియడానికి దాని కొసలోకి పైనుంచి కొట్టే చీల పలక నారకు అడ్డంగా ఉండాలి. నార వెంబడి కొడితే పలకే రెండవుతుంది.

ఇక తెడ్డు. నలుగురికి వండే గిన్నెకైతే 45 సెం.మీ., పది మంది సంగటికి 75 సెం.మీ. పొడవుండాలి. సంగటి దగ్గరపడేకొద్దీ బరువంతా మెడ మీద, అంటే పిడి వెడల్పయ్యే చోట పడుతుంది. తెడ్డు విరిగేది ఎప్పుడూ అక్కడే. అందుకే సామిల్లులో కోసిన పలక కన్నా చీల్చిన దుంగ మేలు. రంపం నారను పట్టించుకోకుండా కోస్తుంది, చూడటానికి నిటారుగా ఉన్నా లోపల నార మెడ దగ్గర పక్కకు తెగిపోయి ఉండొచ్చు. చీలిక నార వెంబడే పోతుంది కాబట్టి పిడి కొస నుంచి అలుగు కొస దాకా పోగులు తెగవు. సామిల్లు పలకే దొరికితే పక్క అంచు మీద గీతలు చూడండి. అవి పలక కొసదాకా సాగితే తీసుకోండి, మధ్యలోనే పైకో కిందికో జారిపోతే వదిలేయండి.

పనస గానీ మామిడి గానీ 12 సెం.మీ. దుంగను సగానికి చీల్చి, బెండు తీసేసి, 3 సెం.మీ. మందం పలక చేయండి. బొగ్గుతో గీసుకోండి: అలుగు 7 సెం.మీ. వెడల్పు, 14 సెం.మీ. పొడవు, పిడి 3 సెం.మీ. మెడకు రెండు వైపులా రంపం గాట్లు, పిడి కొస నుంచి వాటి దాకా చీల్చుడు, కొడతికి చేసినట్టే. ఆపైన కత్తి ఎప్పుడూ వెడల్పు నుంచి సన్నం వైపు నడవాలి. మెడ ఒంపులో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు వచ్చి అడుగున కలవాలి తప్ప ఒంపు దాటి ఎదురెక్కకూడదు. ఎదురెక్కిన చోట నార లేచి పొర ఊడుతుంది. అలుగు కొసను 6 మి.మీ.కు పలచన చేయండి, మెడను మాత్రం 2.5 సెం.మీ. కన్నా దించకండి. ఇంకా నాజూకుగా ఉంటే బాగుంటుందనిపించి గీకుతూ పోయిన తెడ్లే సంగటిలో విరుగుతాయి. చెక్కేటప్పుడు మోచేతులు మోకాళ్ల మీద, ముక్క మోకాళ్లకు అవతల. తొడ మీద పెట్టి చెక్కొద్దు, అక్కడ పెద్ద రక్తనాళం ఉంది.

ఆరిన తెడ్డును వేడినీళ్లలో ఒక పది నిమిషాలు ఉడికించండి. పచ్చివాసన పోతుంది, పైపోగులు నిక్కబొడుచుకుంటాయి. మళ్లీ ఆరాక సన్న గరుకు కాగితంతో రుద్దితే ఇక లేవవు. నూనె పట్టించేటప్పుడు వేరుశనగ, కొబ్బరి నూనెలు వద్దు. అవి ఆరవు, జిడ్డుగా నిలిచి కొన్నాళ్లకు ముక్క వాసన కొడతాయి. అవిసెనూనె ఆరి గట్టిపడుతుంది. పలచగా పూసి తుడిచి, రెండు మూడు రోజులు ఆరనిచ్చి, మరో రెండు పూతలు వేయండి. అవిసెనూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడేయకండి, అది తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి.